వన్స్ మోర్ వద్దన్న మనిషి

నా చిన్నప్పుడు మా ఊళ్లో హరిశ్చంద్ర నాటకం ఆడితే కాటిసీను మొదలయ్యేసరికి కోడికూత వేళయ్యేది. అప్పటికి పిల్లలమంతా చాపల మీద అడ్డదిడ్డంగా పడి నిద్రపోతుండేవాళ్లం. పెద్దవాళ్లు మాత్రం ఆ సీను కోసమే రాత్రంతా బీడీలు కాలుస్తూ కాచుకుని ఉండేవాళ్లు. హరిశ్చంద్రుడు పద్యం ఎత్తుకునేవాడు. ఆఖరి పాదం మీద రాగం ఆకాశం దాకా పోయి దిగివచ్చేసరికి పందిరి మూల నుంచి ఎవరో "వన్స్ మోర్" అని అరిచేవారు. హార్మోనియం మళ్లీ శ్రుతి అందుకునేది. కాటికాపరి భుజం మీది కంబళి సర్దుకుని అదే పద్యం, అదే దుఃఖం, మొదటి నుంచీ. ఒకసారి మెలకువ వచ్చి చూస్తే, మూడో వన్స్ మోర్ మధ్యలో, పాము కరిచి చచ్చిపడున్న లోహితాస్యుడు పిక్క గోక్కుంటున్నాడు. వాడు మా క్లాసువాడే. పాపం, దోమలు. ఎవరూ ఏమీ అనుకోలేదు. పద్యం బావుంటే చచ్చినవాడు గోక్కోవచ్చు. ఆడేవాళ్లకీ చూసేవాళ్లకీ మధ్య అదొక ఒప్పందం.

మిలాన్ నగరంలోనూ ఇలాంటి ఒప్పందమే ఉండేదని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అక్కడ వన్స్ మోర్ అనరు, 'బిస్' అంటారు. గొంతున్న టెనర్, అంటే పైస్థాయిలో పాడే గాయకుడు, పాట ముగించగానే పైఅంతస్తు గ్యాలరీలోంచి బిస్, బిస్ అని కేకలు. కథ ఎక్కడున్నా సరే ఆగిపోతుంది. పాత్రధారి ముందుకొచ్చి, నడుం వంచి, మళ్లీ పాడతాడు. 1903లో, లా స్కాలా థియేటర్లో సీజను ఆఖరి రాత్రి, వెర్ది రాసిన 'ఉన్ బాల్లో ఇన్ మాస్కెరా' ఆడుతున్నారు. జెనతెల్లో అనే టెనర్ పాటకి జనం బిస్ అన్నారు. కండక్టర్ వినిపించుకోలేదు. జనమూ తగ్గలేదు. గొడవ ముదిరి, ఆట సగంలో ఉండగానే ఆయన థియేటర్ వదిలి వెళ్లిపోయాడు. ఆనక ఓడెక్కి దక్షిణ అమెరికా పోయాడు. మళ్లీ లా స్కాలాలో పనికి ఒప్పుకోవడానికి మూడేళ్లు పట్టింది.

ఆయన పేరు ఆర్తురో టోస్కనీని. అప్పటికి ముప్ఫై ఆరేళ్లు.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు కోపమే వచ్చింది. పందిరి మూల నుంచి అరిచినవాళ్లు నావాళ్లు. రాత్రంతా మేలుకుని చూసేవాడి నోరు నొక్కడానికి నువ్వెవరివయ్యా అనిపించింది. ఆ కోపంతోనే ఈయన వెంటపడ్డాను. పదేళ్లు దాటింది, ఇంకా వదల్లేదు.

ముందే చెప్పేస్తాను, నేను పాశ్చాత్య సంగీతం చదువుకున్నవాణ్ణి కాదు. వాళ్ల స్కోరు కాగితం చూస్తే ముగ్గుగీతల మీద చీమలు పట్టినట్టు కనిపిస్తుంది. పైగా కండక్టర్ అంటే మనకు తెలిసింది టికెట్టు కొట్టి రైట్ రైట్ అనే మనిషి. మన కచేరీల్లో ఆ ఉద్యోగమే లేదు. గాయకుడు తొడ మీద తాళం వేసుకుంటాడు, మృదంగం వాయించే ఆయన వంక ఒక చూపు చూస్తాడు, పని జరిగిపోతుంది. ఎదురుగా నలుగురే ఉన్నప్పుడు కంటిచూపు చాలు. ఒపేరాలో అలా కాదు. వేదిక ముందు గోతిలాంటి చోట డెబ్బై ఎనభైమంది వాద్యగాళ్లు, పైన గాయకులు, వాళ్ల వెనక పదులకొద్దీ కోరస్ గుంపు, అటకల మీద లైట్లవాళ్లు. వాద్యగాళ్లకు వేదిక మీద ఏం జరుగుతోందో కనపడదు. గాయకులకు వాద్యాలు సరిగా వినపడవు. అందరికీ కనపడే మనిషి ఒక్కడే, మధ్యలో నిలబడి చేతిలో పుల్ల ఆడిస్తుంటాడు. తమాషా ఏమిటంటే, అంతమందిలో చప్పుడు చేయని సంగీతకారుడూ ఆయనొక్కడే. ఆయన చేతిలో వాద్యం లేదు, నోట్లో పాట లేదు. ఇలాంటి మనిషి తన మాట తాను చెప్పుకోవాలంటే ఏం చేయగలడు? పుల్ల ఎత్తగలడు. లేదా దించగలడు. టోస్కనీని పుల్ల ఎత్తిన రాత్రుల గురించి లావుపాటి పుస్తకాలున్నాయి. నాకు మాత్రం ఆయన దించిన రాత్రులే గుర్తుండిపోయాయి.

ఆయన 1867 మార్చి 25న పార్మా పట్టణంలో పుట్టాడు. తండ్రి దర్జీ. ఆ దర్జీ యువకుడిగా, ఇటలీని ఏకం చేయడానికి పోరాడిన గరిబాల్డీ వెంట యుద్ధానికి వెళ్లొచ్చాడు. ఇక జీవితాంతం ఆ కబుర్లేగానీ బట్టలు కుట్టింది తక్కువ. ఇంట్లో డబ్బుల్లేవు. తొమ్మిదేళ్ల పిల్లవాణ్ణి ఊళ్లోనే ఉన్న సంగీత పాఠశాలలో చేర్చారు. చదువు, తిండి, పడక అన్నీ అక్కడే. చెల్లో నేర్పారు. ఆ హాస్టల్లో పెట్టిన చేపలు తిని తిని, తర్వాత ఎనభై ఏళ్లు దాటేదాకా బతికినా ఆయన చేప ముట్టలేదట. హాస్టళ్లలో చదివిన వాళ్లకి ఈ వైరాగ్యం గురించి నేను వివరించనక్కర్లేదు. నాకు వంకాయ. ఆయన 1885లో అత్యున్నత మార్కులతో చదువు ముగించి, మరుసటేడాది ఒక ఒపేరా కంపెనీతో బ్రెజిల్ వెళ్లాడు, చెల్లో వాయించడానికి, కోరస్ వాళ్లకు పాఠం చెప్పడానికి.

అక్కడ జరిగినది సినిమాలో పెడితే నమ్మం. కంపెనీకి కండక్టరుగా మిగెజ్ అనే బ్రెజిల్ ఆయనను పెట్టుకున్నారు. ఆయనకూ ఇటలీ వాద్యగాళ్లకూ పడలేదు. రియోలో 'ఐదా' ఆడాల్సిన రోజున ఆయన పని మానేసి, తప్పంతా వాళ్లదేనని పత్రికకు ఉత్తరం ఇచ్చాడు. జూన్ 30 రాత్రి హాలు నిండా జనం, తమ దేశస్థుడికి అవమానం జరిగిందని రగిలిపోతున్న జనం. సహాయ కండక్టర్ సుపెర్తి పుల్ల పట్టుకుని వస్తే ఈలలు వేసి తరిమేశారు. ఇంకొకరికీ అదే సత్కారం. ఆట రద్దయితే ఆ ఇటలీ మనుషులందరూ సముద్రం అవతల జీతాల్లేకుండా చిక్కుకుపోతారు. అప్పుడు కోరస్ వాళ్లకు తమకు పాఠం చెప్పే పందొమ్మిదేళ్ల కుర్రవాడు గుర్తొచ్చాడు. వాడికి ఒపేరా మొత్తం కంఠతా వచ్చు. తోసుకొచ్చి నిలబెట్టారు. జనం ఆ చిన్నవాణ్ణి చూసి, ఈలలు మరిచిపోయి, ఏం చేస్తాడా అని ఒక క్షణం చూశారు. ఆ క్షణం చాలింది. ముందున్న స్కోరు మూసేసి మొదలుపెట్టాడు. సీజను మొత్తం వాడే నడిపాడు.

స్కోరు మూయడంలో డాబు ఏమీ లేదని తర్వాత తెలిసింది. ఆయనకు హ్రస్వదృష్టి. కాగితం ముక్కుకు ఆనించుకుంటే తప్ప కనపడేది కాదు. స్టాండు మీద పెట్టిన పుస్తకం ఉన్నా లేనట్టే. కాబట్టి మొత్తం తలలోకి ఎక్కించుకోవడం మొదలుపెట్టాడు. చివరికి నూరు ఒపేరాలదాకా, సింఫనీల వంటివి రెండు వందలు పైచిలుకు ఆయన జ్ఞాపకంలో ఉండేవంటారు. ఒక కథ చెబుతారు. కచేరీకి ముందు బసూన్ వాయించే ఆయన కంగారుగా వచ్చి, నా వాద్యంలో ఫలానా స్వరం పలికే మీట విరిగిందండీ అన్నాడట. టోస్కనీని నుదురు పట్టుకుని కాసేపు ఆలోచించి, ఫరవాలేదు, ఈ రాత్రి నీకు ఆ స్వరం రాదు అన్నాడట. నిజమో కాదో గానీ మన శతావధానులు వింటే చాప వేసి కూర్చోబెట్టేవారు.

రియో తర్వాతి సంగతి నాకు ఇంకా ఇష్టం. అంత పేరు తెచ్చుకుని ఇటలీ తిరిగొచ్చినవాడు, టురిన్‌లో కండక్టరుగా మెప్పు పొంది కూడా, మరుసటేడాది లా స్కాలా వాద్యబృందంలో చెల్లో పట్టుకుని కూర్చున్నాడు. రెండో చెల్లో. ఎందుకంటే 1887 ఫిబ్రవరిలో అక్కడ వెర్ది కొత్త ఒపేరా 'ఒతెల్లో' మొదటి ప్రదర్శన. డెబ్బై మూడేళ్ల వెర్ది స్వయంగా రిహార్సల్సుకు వచ్చి కూర్చుంటాడు. ఆ ముసలాయన ఎలా వినాలనుకుంటున్నాడో దగ్గరనుంచి చూడాలి, అంతే. ఒకచోట నాలుగు చెల్లోలే వాయించే ఘట్టం ఉంది. ఈ కుర్రవాడు కాగితం మీద ఉన్నట్టే మెల్లగా వాయిస్తుంటే, రెండో చెల్లో మరీ మెల్లగా ఉంది, ఇంకొంచెం గట్టిగా అని వెర్ది చెప్పాడట. ప్రదర్శన అయ్యాక ఇంటికెళ్లి, నిద్రపోతున్న తల్లిని లేపి, వెర్ది ఎంతటివాడో చెబుతూ ఆమెను కూడా మోకాళ్ల మీద కూర్చోబెట్టాడని చెప్పుకుంటారు. దర్జీ భార్య, అర్ధరాత్రి. ఆవిడేమనుకుందో ఎవరూ రాయలేదు.

ఈ చెల్లో ముక్కలో ఒక చిక్కు ఉంది, పట్టించుకోవాలి. తర్వాత జీవితమంతా టోస్కనీని చెప్పిన మాట ఒకటే, స్వరకర్త రాసింది రాసినట్టే వాయించండి. కానీ మొదట్లోనే స్వయానా రాసినాయన, రాసినదాని కంటే గట్టిగా వాయించు అన్నాడు. అంటే కాగితం మీద ఉన్నదీ, రాసినవాడి చెవిలో ఉన్నదీ ఒకటి కాదు. ఈ రెంటి మధ్య ఉన్న సందులోనే ఆ మనిషి అరవై ఎనిమిదేళ్లు కాపురం చేశాడు.

1892లో 'పాల్యాచ్చి', 1896లో టురిన్‌లో 'లా బోఎమ్', వీటి మొదటి ప్రదర్శనలు ఆయన చేతి మీదుగానే జరిగాయి. మిత్రుడు కతలాని చిన్న వయసులో పోతే, అతని ఒపేరాలోని పేర్లే తన పిల్లలకు పెట్టుకున్నాడు, కొడుకు వాల్టర్, కూతురు వాలీ. 1898లో లా స్కాలా ఆయన చేతికొచ్చింది. అక్కడ మొదలయ్యాయి గొడవలు.

అప్పట్లో ఒపేరా హాలు అంటే మన పెళ్లిపందిరి లాంటిదే. కలిగినవాళ్లు బాక్సులు కొనుక్కుని, తింటూ, వ్యాపారాలు మాట్లాడుకుంటూ, ఎదుటి బాక్సులో ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో చూసుకుంటూ, మంచి పాట వచ్చినప్పుడు ఇటు తిరిగేవాళ్లు. ఈయన వచ్చి హాల్లో దీపాలు ఆర్పించాడు. ఆడవాళ్ల టోపీలు తీయించాడు. బిస్ వద్దన్నాడు. తన పాటకో, తన గొంతుకో తగ్గట్టు స్వరాలు సాగదీసుకునే గాయకులను నోరు మూయించాడు. ఆ హాల్లో అప్పటిదాకా పెత్తనం చూసేవాడిది, ఆ తర్వాత పాడేవాడిది. రాసినవాడు ఎక్కడో మూల. ఈయన ఆ వరసను తలకిందులు చేశాడు.

ఇది మంచికేనా? నేనిప్పటికీ తేల్చుకోలేదు. చీకటి హాల్లో దగ్గు ఆపుకుంటూ కూర్చునే మర్యాద ఒకటి అలా పుట్టింది. దానివల్ల వినడం లోతు పెరిగింది, కాదనను. కానీ మా ఊరి పందిట్లో వన్స్ మోర్ అన్నవాడు ఆ పద్యంలో భాగస్వామి. అతని కేకతోనే ఆ పద్యం పక్క ఊరికి వెళ్లింది, బళ్లు కట్టించుకొచ్చింది. అతని నోరు మూయించి ఉంటే పద్యనాటకం ఎన్నాళ్లు బతికేది? మరోవైపు లోహితాస్యుడు పిక్క గోక్కున్నాడన్నదీ నిజమే.

ఇక ఆయన కోపం. దాని గురించి సరదాగా రాసేవాళ్లు చాలామంది. పుల్లలు విరిచేవాడు, గడియారం నేలకేసి కొట్టేవాడు, స్కోరు చించేవాడు, 'వెర్గోన్యా', అంటే సిగ్గు సిగ్గు, అని అరిచేవాడు. ఆ రిహార్సల్సు కొన్ని రికార్డయి ఉన్నాయి. నేను విన్నాను. మొదటి రెండు నిమిషాలు నవ్వొస్తుంది, తర్వాత రాదు. 1919లో టురిన్‌లో ఆయన ఆగ్రహంలో ఒక వయొలిన్ వాద్యకారుడి కమాను విరిగి ముఖానికి తగిలింది. వ్యవహారం కోర్టుకెక్కింది. మహాకళాకారుడి ఆవేశమని వాదించి ఆయనను బయటపడేశారు. ఈ వాదన నాకు నచ్చదు. గొప్ప పని చేసేవాడి కోపానికి పక్కవాడి ముఖం ఎందుకు మూల్యం కావాలి? నేను పనిచేసిన ఒక ఆఫీసులో పైఅధికారి ఫైళ్లు ముఖాన కొట్టేవాడు. ఆయనకు పని మీద ప్రాణం అని అందరూ సర్దిచెప్పేవాళ్లు. పని మీద ప్రాణం ఉన్నవాళ్లు ఫైళ్లు నెమ్మదిగా కూడా ఇవ్వగలరని తర్వాత వచ్చినాయన్ని చూశాక తెలిసింది.

'లా బోఎమ్' రాసిన పుచ్చీనితో స్నేహం మాత్రం ఒక నవ్వుల కథ. ఇద్దరూ ఏడాదికోసారి పోట్లాడుకునేవాళ్లు. పుచ్చీని క్రిస్మస్‌కు మిత్రులందరికీ పానెత్తోనే అనే తీపిరొట్టె పంపేవాడు. ఒక ఏడాది జాబితాలోంచి టోస్కనీని పేరు తీయడం మరిచిపోయాడు. రొట్టె వెళ్లిపోయింది. గుర్తొచ్చి తంతి కొట్టాడట, రొట్టె పొరపాటున పంపబడింది అని. వెంటనే జవాబు వచ్చిందట, రొట్టె పొరపాటున తినబడింది అని. అలాంటి పుచ్చీని గొంతు కాన్సరుతో 1924 నవంబరులో బ్రస్సెల్స్‌లో కన్నుమూశాడు. 'తురందోత్' ఆఖరి ఘట్టం పూర్తికాలేదు. చిత్తు కాగితాలు చూసి అల్ఫానో అనే ఆయన పూర్తిచేశాడు.

1926 ఏప్రిల్ 25. లా స్కాలాలో ఆ ఒపేరా మొదటి రాత్రి. మూడో అంకంలో లియూ అనే బానిసపిల్ల, ప్రేమించినవాడి పేరు చెప్పకుండా ప్రాణం తీసుకుంటుంది. ఆ శవాన్ని మోసుకుపోతారు. వాద్యాలు సన్నగిల్లుతాయి. అక్కడ టోస్కనీని పుల్ల దించేశాడు. జనం వైపు తిరిగాడు. ఇక్కడికి ఆపేస్తున్నాం, ఇక్కడికి వచ్చాక ఆయన పోయాడు, అన్న అర్థం వచ్చే మాట ఏదో అన్నాడు. అచ్చంగా ఏమన్నాడో ఆ రాత్రి విన్నవాళ్లే తలా ఒక రకంగా చెప్పారు. తెర పడింది. అల్ఫానో రాసిన ముగింపు తర్వాతి ప్రదర్శన నుంచి.

ఈ ఘట్టం చదివిన రోజు నా కోపం కాస్త దిగింది. 1903లో పుల్ల దించిందీ, ఇప్పుడు దించిందీ ఒకటేనని తట్టింది. రాసినవాడు రెండోసారి పాడమని రాయలేదు, కాబట్టి పాడించను. రాసినవాడు ఇక్కడిదాకే రాశాడు, కాబట్టి ముందుకు పోను. కాకపోతే మొదటిది జనం ముఖం మీద తలుపేసినట్టుంది, రెండోది శవం దగ్గర గొంతు ఆగినట్టుంది.

ఆ 'తురందోత్' రాత్రి ఇంకో సంగతి ఉంది. ముస్సోలినీ అప్పుడు మిలాన్‌లోనే ఉన్నాడు. ఆయన హాలుకు వస్తే ఫాసిస్టుల పాట 'జొవినెజ్జా' వాయించాలి. నేను వాయించనన్నాడు టోస్కనీని. ముస్సోలినీ రాలేదు. ఏడేళ్ల కిందట, 1919 ఎన్నికల్లో, మిలాన్‌లో ఇదే ముస్సోలినీ జాబితాలో అభ్యర్థిగా నిలబడ్డవాడు టోస్కనీని. ఆ జాబితా చిత్తుగా ఓడిపోయింది. అప్పట్లో ఆ పార్టీ చెప్పిన మాటలు వేరు, రాజు వద్దు, పేదవాడికి భూమి కావాలి వగైరా. గరిబాల్డీ సైనికుడి కొడుక్కి ఆ మాటలు రుచించాయి. మోసపోయానని త్వరగానే గ్రహించాడు. గ్రహించి ఊరుకునేవాళ్లే మనలో ఎక్కువ. ఈయనకు ఊరుకోవడం చేతకాదు. అదే మొండితనం. టెనర్‌కు బిస్ ఇవ్వని మనిషి ముస్సోలినీకి పాట ఎందుకిస్తాడు?

1931 మే 14న బొలోన్యా పట్టణంలో, మర్తూచ్చి అనే స్వరకర్త స్మృత్యర్థం కచేరి. మంత్రులు వస్తున్నారు, 'జొవినెజ్జా'తో మొదలుపెట్టమన్నారు. ఇది సంతాప కచేరి, అందులో మరో పాటకు చోటు లేదన్నాడు. సాయంత్రం థియేటర్ దగ్గర కారు దిగుతుంటే కుర్రాళ్లు చుట్టుముట్టి చెంపల మీద కొట్టారు. అరవై నాలుగేళ్ల మనిషిని. కారులో తిరిగి హోటలుకు చేరితే అక్కడికీ గుంపు వచ్చి కిటికీ కింద బూతులు. ఆ రాత్రే మిలాన్‌కు వెళ్లిపోయాడు. కచేరి జరగలేదు. ప్రభుత్వం ఆయన పాస్‌పోర్టు లాక్కుని ఇంటి ముందు పోలీసులను పెట్టింది. తర్వాత పాస్‌పోర్టు తిరిగి ఇచ్చారుగానీ, ముస్సోలినీ ఉన్నంతకాలం ఇటలీలో ఆయన మళ్లీ పుల్ల ఎత్తలేదు.

జర్మనీలోని బైరోయిట్‌లో వాగ్నర్ ఒపేరాలు నడపడం ఆయన పాత కల. 1930లో ఆ కల తీరింది. జర్మన్ సంప్రదాయం వాడు కాని కండక్టర్ ఆ గోతిలోకి దిగడం అదే మొదలు. 1933లో హిట్లర్ గద్దెనెక్కి యూదు సంగీతకారులను తరిమేస్తుంటే, నిరసన తంతి మీద మొదటి సంతకం ఈయనది. హిట్లర్ స్వయంగా ఉత్తరం రాసి రమ్మన్నాడు. రానన్నాడు. ఎంత ఇష్టమైన చోటో గుర్తుంచుకుని ఈ 'రాను' చదవాలి. మూడేళ్ల తర్వాత, 1936 డిసెంబరు 26న, టెల్ అవీవ్‌లో ఒక కొత్త వాద్యబృందం మొదటి కచేరి నడపడానికి వెళ్లాడు. యూరప్‌లో పనులు పోగొట్టుకున్న యూదు వాద్యకారులను హుబెర్మన్ అనే వయొలిన్ విద్వాంసుడు అక్కడ పోగుచేశాడు. టోస్కనీని డబ్బులు తీసుకోలేదు, దారిఖర్చులు కూడా. జర్మనీలో నిషేధించిన మెండెల్సన్ సంగీతాన్ని కార్యక్రమంలో పెట్టాడు. అదే బృందాన్ని తర్వాతి కాలంలో మన బొంబాయిలో పుట్టిన జుబిన్ మెహతా 2019 దాకా నడిపాడు.

అమెరికాలో ఎన్‌బీసీ రేడియో వాళ్లు ఈయన కోసమే ఒక వాద్యబృందాన్ని కూర్చారు. 1937 క్రిస్మస్ రాత్రి మొదలు. దాని వైభవం గురించి కాదుగానీ, యుద్ధకాలంలో జరిగిన ఒక చిన్న సంగతి నన్ను తికమక పెడుతుంది. వెర్ది 1862లో రాసిన 'దేశాల గీతం'లో ఇటలీని నా దేశమా అని పిలిచే మాట ఉంది. టోస్కనీని దాన్ని మోసపోయిన నా దేశమా అని మార్చి పాడించాడు. అంతటితో ఆగక, చివర్లో రష్యావాళ్ల ఇంటర్నేషనల్‌నూ అమెరికా జాతీయగీతాన్నీ చేర్చాడు. దాన్ని సినిమాగా తీశారు, ఇప్పటికీ చూడొచ్చు. రాసింది రాసినట్టే అన్న మనిషి, అదీ వెర్ది రాసినదాన్ని, తల్లిని నిద్రలేపి మరీ మొక్కించిన వెర్దిని, మార్చాడు! నిజానికి ఇతరుల రచనల్లోనూ అక్కడక్కడ వాద్యాలు సర్దేవాడని తెలిసినవాళ్లు చెబుతారు. రాసినట్టే అన్నది నియమం కాదేమో, ఎవరి మాట ముందు వినాలన్న వరస మాత్రమేనేమో.

1946 మే 11న, బాంబులకు కూలి మళ్లీ కట్టిన లా స్కాలాలో డెబ్బై తొమ్మిదేళ్ల వయసులో పుల్ల ఎత్తాడు. యూదుడని పంపేసిన పాత కోరస్ గురువు వెనెత్సియానిని తిరిగి తీసుకుంటేనే వస్తానని పట్టుపట్టాడు. హాల్లో పట్టనివాళ్లు బయట లౌడ్‌స్పీకర్ల కింద నిలబడి విన్నారు.

ఆ ఏడాది ఫిబ్రవరిదే ఒక రికార్డింగు నా ఫోనులో ఉంది. 'లా బోఎమ్'. టురిన్‌లో మొదటిసారి నడిపిన యాభై ఏళ్లకు న్యూయార్క్ స్టూడియోలో మళ్లీ ఆయనే. ఒకరాత్రి అది పెట్టుకుని వింటుంటే మా అమ్మాయి చదువు ఆపి వచ్చింది. "ఎవరో తాతగారు వెనక మూలుగుతున్నారు నాన్నా, వినిపించట్లా?" అంది. అప్పటిదాకా నేను గమనించనేలేదు. టెనర్ గొంతు పైకి లేచినచోట, కింద, శ్రుతికి కాస్త అటూఇటూగా, గరగరమని ఒక ముసలి గొంతు కూడా పాడుతోంది. టోస్కనీని. వాద్యగాళ్లను ఒక్క అపస్వరానికి సిగ్గు సిగ్గు అని తిట్టిన మనిషి, పుచ్చీని రాయని గొంతును పుచ్చీని పాటలో కలిపేస్తున్నాడు. ఆపుకోలేక. జీవితమంతా చప్పుడు చేయని సంగీతకారుడు చేసిన చప్పుడు ఇదన్నమాట. అమ్మాయి ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని నా పక్కనే కూర్చుంది. ఆ ముక్క అయిపోగానే, "మళ్లీ పెట్టు" అంది.

ఆయన జ్ఞాపకం చివరికి ఆయనను వదిలింది. 1954 ఏప్రిల్ 4న, ఎనభై ఏడేళ్ల వయసులో, కార్నెగీ హాల్లో వాగ్నర్ సంగీతం నడుపుతుండగా ఒకచోట చెయ్యి తడబడింది. ఏం చేయాలో తోచక రేడియోవాళ్లు మధ్యలో కొన్ని క్షణాలు బ్రామ్స్ రికార్డు వేసేశారు. తేరుకుని మిగతాది నడిపాడు. ఆఖరి అంశం ముగింపు స్వరాలు ఇంకా మోగుతుండగానే దిగి వెళ్లిపోయాడు. చప్పట్లకు తిరిగి రాలేదు. జనం ముందు పుల్ల దించడం అదే ఆఖరు. 1957 జనవరిలో న్యూయార్క్‌లో పోయాడు, మిలాన్‌లో పూడ్చారు.

చాలా పుస్తకాలు ఏప్రిల్ 4 దగ్గర తెర దించుతాయి. కానీ ఆ తర్వాత ఒక చిన్న పని జరిగింది. రేడియోలో ఆయన నడిపిన రెండు ఒపేరాలను రికార్డులుగా తేవాలనుకున్నారు. అక్కడక్కడ గాయకులు తడబడ్డ చోట్లు, సరిగా ఎక్కని చోట్లు ఉన్నాయి. ఆ ముక్కలు మళ్లీ తీయాలి. జూన్‌లో ఆ ముసలాయన కార్నెగీ హాలుకు వచ్చాడు. బాక్సుల్లో ఎవరూ లేరు, గ్యాలరీ ఖాళీ. వాద్యగాళ్లు, ఇద్దరుముగ్గురు గాయకులు, మైకుల వాళ్లు. ఒక ఒపేరా 'ఐదా', రియోలో స్కోరు మూసి మొదలుపెట్టినది. రెండోది 'ఉన్ బాల్లో ఇన్ మాస్కెరా'. రికార్డింగువాళ్లు ఇంకొక్కసారి అన్నారు. పుల్ల ఎత్తి మళ్లీ మొదలుపెట్టాడు.